కడుపులోని బిడ్డ కిడ్నీలు: స్కాన్ చెప్పేది, చెప్పలేనిది

బిడ్డ పుట్టకముందే స్కానింగులో బయటపడే అవయవ లోపాల్లో సుమారు అయిదో వంతు నుంచి మూడో వంతు వరకు కిడ్నీలకు, మూత్రమార్గానికి సంబంధించినవే ఉంటాయి. చిన్నపిల్లల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు దారితీసే కారణాల్లో దాదాపు సగం వాటా కూడా ఈ పుట్టు లోపాలదే. గర్భంలో కనిపించిన ప్రతి తేడా జబ్బుగా మారదు, చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. మారేవాటిని మాత్రం పుట్టిన తొలి రోజుల్లోనే పట్టుకోగలిగితే కిడ్నీని కాపాడుకునే అవకాశం ఎంతో పెరుగుతుంది. ఈ రెండు రకాలనూ వేరు చేసి చూపడమే గర్భస్థ శిశువుకు చేసే స్కానింగు అసలు ప్రయోజనం.

తెలుగు రాష్ట్రాల్లో గర్భిణులు ‘అయిదో నెల స్కాన్’ అనీ, ‘టిఫా స్కాన్’ అనీ చెప్పుకునే పరీక్షలో బిడ్డ కిడ్నీలను చూడడం ఇప్పుడు తప్పనిసరి అంశం. ఆ రిపోర్టులో ‘కిడ్నీలో నీరు చేరింది’ అనో, ‘ఒక కిడ్నీ కనిపించడం లేదు’ అనో చెప్పినప్పుడు ఇంట్లో అందరికీ భయం కలగడం సహజమే. ఆ మాటల వెనుక ఉన్న విషయం తెలిస్తే అనవసరమైన భయం తగ్గుతుంది, అవసరమైన జాగ్రత్త పెరుగుతుంది.

కడుపులో కిడ్నీ చేసే పని

ఫలదీకరణ జరిగిన అయిదో వారంలో పిండం వెనుక భాగంలో ఒక సన్నని నాళం మొగ్గ తొడిగి, పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకుపోయి, కొమ్మలుగా చీలుతూ పోవడంతో కిడ్నీ రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. తొలుత కటి భాగంలో ఏర్పడిన కిడ్నీలు క్రమంగా పైకి జరిగి నడుము దగ్గర తమ స్థానానికి చేరతాయి. ఈ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతే కిడ్నీ కటి భాగంలోనే ఉండిపోతుంది. రెండు కిడ్నీల కింది కొసలూ ఒకదానితో ఒకటి అతుక్కుంటే గుర్రపునాడా ఆకారపు కిడ్నీ అవుతుంది. గర్భం 10 వారాల ప్రాంతంలో మూత్రం తయారు కావడం ఆరంభమవుతుంది. రక్తాన్ని వడకట్టే అతి సూక్ష్మమైన భాగాలను నెఫ్రాన్లు అంటారు; ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షల దాకా ఉండే ఈ నెఫ్రాన్లు సుమారు 36 వారాల వరకే కొత్తగా పుడతాయి. ఆ తరువాత కిడ్నీ పరిమాణం పెరుగుతుందే తప్ప నెఫ్రాన్ల సంఖ్య పెరగదు కాబట్టి, గర్భంలో జరిగిన నష్టాన్ని శరీరం తరువాత ఎప్పటికీ పూర్తిగా భర్తీ చేసుకోలేదు.

పుట్టిన తరువాత రక్తంలోని మలినాలను తొలగించడం కిడ్నీల ముఖ్య బాధ్యత అయినా, తల్లి కడుపులో ఉన్నంతకాలం ఆ బాధ్యతను మాయ మోస్తుంది. బిడ్డ రక్తంలోని వ్యర్థాలు బొడ్డుతాడు ద్వారా మాయకు చేరి, అక్కడి నుంచి తల్లి రక్తంలోకి వెళ్లి, తల్లి కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. రెండు కిడ్నీలూ లేని శిశువు సైతం కడుపులో బరువు పెరగగలగడానికి కారణం ఇదే. పుట్టిన తొలి ఒకటి రెండు రోజుల్లో బిడ్డ రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం స్థాయి తల్లి క్రియాటినిన్‌నే ఎక్కువగా ప్రతిబింబించడానికి, ఆ పరీక్షను బట్టి బిడ్డ కిడ్నీల పనితీరును వెంటనే తేల్చలేకపోవడానికి కూడా కారణం ఇదే.

అయితే గర్భంలో కిడ్నీ చేసే మరో పనిని మాయ చేయలేదు. దాదాపు 16 వారాల తరువాత ఉమ్మనీరులో అత్యధిక భాగం బిడ్డ విసర్జించే మూత్రమే. బిడ్డ ఆ నీటిని మింగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పీల్చి వదులుతుంది, తిరిగి మూత్రంగా విసర్జిస్తుంది. ఊపిరితిత్తులు ఎదగడానికి ఈ నీరు, దాని ఒత్తిడి, అందులో బిడ్డ కదలడానికి దొరికే చోటు అన్నీ అవసరం. కిడ్నీలు మూత్రం తయారు చేయకపోయినా, తయారైన మూత్రం బయటికి రాకపోయినా ఉమ్మనీరు తగ్గి, ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండిపోతాయి, ముఖం, కాళ్లు చేతులు అణిగి వంకర్లు తిరుగుతాయి. రెండు కిడ్నీలూ ఏర్పడని శిశువుల ముఖంలో కనిపించే ఈ ప్రత్యేక లక్షణాలను అమెరికాకు చెందిన వైద్యురాలు ఎడిత్ పాటర్ 1946లో వివరించారు. అందుకే ఈ వరుస మార్పులకు నేటికీ ఆమె పేరే వాడుకలో ఉంది. కిడ్నీ లోపంతో పుట్టిన శిశువు తొలి గంటల్లో ప్రాణం కోల్పోతే దానికి కారణం చాలాసార్లు కిడ్నీ పనిచేయకపోవడం కన్నా ఊపిరితిత్తులు ఎదగకపోవడమే.

పరీక్షలో ఏమేం చూస్తారు?

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రసూతి వైద్యంలో అల్ట్రాసౌండ్‌కు దారి తెరిచింది. ఆ తరువాత 12 ఏళ్లకు, 1970లో, ఆస్ట్రేలియా వైద్యుడు విలియం గారెట్, ఆయన సహచరులు గర్భస్థ శిశువు కిడ్నీల్లో తిత్తులు ఉన్నాయని అల్ట్రాసౌండ్ ద్వారా పుట్టుకకు ముందే గుర్తించి నివేదించారు. ధ్వని తరంగాలు కణజాలాల మీద పడి వెనక్కి వచ్చే తీరును బట్టి బొమ్మను రూపొందించే ఈ పద్ధతిలో ఎక్స్‌రేల వంటి రేడియేషన్ ఉండదు. నీరు నల్లగానూ, గట్టి కణజాలం తెల్లగానూ కనిపించే ఈ బొమ్మలో, నీటితో నిండే అవయవాలైన కిడ్నీ, మూత్రాశయాలను తేలికగా గుర్తించవచ్చు.

మూడో నెల చివర, అంటే 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానులోనే మూత్రాశయం కనిపించాలి. ఆ దశలో దాని పొడవు 7 మిల్లీమీటర్లు దాటితే అసాధారణంగా పెద్దదిగా పరిగణిస్తారు. 7 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడు, క్రోమోజోముల లోపం ఏదీ లేకపోతే, చాలామంది శిశువుల్లో అది దానంతటదే మామూలు స్థితికి వస్తుంది. 15 మిల్లీమీటర్లు మించితే మాత్రం మూత్రమార్గంలో అడ్డంకి ఉందనే అనుమానం బలపడుతుంది.

కిడ్నీల పూర్తి పరిశీలన 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కానులో జరుగుతుంది. వైద్యులు బిడ్డ పొట్టను అడ్డంగా చూపే కోణంలో వెన్నెముకకు రెండు వైపులా కిడ్నీలు ఉన్నాయా లేవా అని ముందుగా చూస్తారు. నిలువు కోణంలో ఒక్కోదాని పొడవు కొలుస్తారు. ఈ పొడవు మిల్లీమీటర్లలో దాదాపుగా గర్భం వారాల సంఖ్యకు దగ్గరగా ఉంటుంది. తరువాత కిడ్నీ కణజాలం ఎంత తెల్లగా ఉందో కాలేయంతో పోల్చి చూస్తారు. కాలేయం కన్నా మరీ తెల్లగా ఉంటే కణజాలం సరిగా ఏర్పడలేదేమోనని అనుమానిస్తారు. తిత్తులు ఉన్నాయా, గోడ పలచబడిందా అని పరిశీలిస్తారు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని చేర్చే మూత్రనాళం మామూలుగా ఈ స్కానులో కనిపించదు కాబట్టి, అది కనిపించడమే వాపుకు గుర్తు. మూత్రాశయం సుమారు అరగంటకోసారి నిండి ఖాళీ అవుతుంది. ఒకసారి చూసినప్పుడు ఖాళీగా ఉంటే కొంతసేపు ఆగి మళ్లీ చూస్తారు. అలా ఎదురుచూసినా నిండకపోతే మూత్రం తయారు కావడం లేదనీ, ఖాళీ కాకుండా ఉబ్బుతూనే ఉంటే బయటికి దారి లేదనీ అనుమానించవలసి వస్తుంది.

కిడ్నీ ఒకవైపు కనబడనప్పుడు అది కటి భాగంలో ఉందేమో వెతుకుతారు. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పద్ధతితో ఆ వైపు కిడ్నీకి వెళ్లే ధమని ఉందో లేదో గమనిస్తారు. కిడ్నీ లేని వైపు, దాని పైన ఉండవలసిన అడ్రినల్ గ్రంథి పరుచుకుని పడుకున్నట్లు చదునుగా కనిపిస్తుంది. చివరగా ఉమ్మనీటిని కొలుస్తారు. గర్భసంచిని నాలుగు భాగాలుగా చేసి ఒక్కో భాగంలో నీటి లోతును కలిపి చెప్పే సూచిక 5 సెంటీమీటర్లకు మించకపోయినా, అన్నిటికన్నా లోతైన నీటి మడుగు 2 సెంటీమీటర్లలోపే ఉన్నా ఉమ్మనీరు తక్కువని అంటారు.

ఈ పరిశీలనలన్నీ కిడ్నీ ఆకారాన్ని చెబుతాయి. కిడ్నీ పనితీరుకు ఉమ్మనీరు ఒక్కటే కొంతవరకు సాక్ష్యం. ఆ సాక్ష్యానికీ పరిమితి ఉంది. ఒక కిడ్నీ పూర్తిగా చెడిపోయినా రెండోది బాగుంటే ఉమ్మనీరు మామూలుగానే ఉంటుంది. రెండు కిడ్నీలూ బలహీనంగా ఉన్నా అవి నీటిని విసర్జించగలుగుతుంటే కూడా ఉమ్మనీరు తగ్గకపోవచ్చు. కాబట్టి ఉమ్మనీరు సరిపడా ఉండడం ఊపిరితిత్తుల విషయంలో ధైర్యమిస్తుందే కానీ కిడ్నీలు జీవితాంతం బాగుంటాయన్న హామీ ఇవ్వదు.

‘కిడ్నీలో నీరు చేరింది’ అంటే

రిపోర్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తేడా ఇదే. ప్రతి 100 గర్భాల్లో ఒకటి రెండింటిలోనైనా ఇది ఉంటుంది. కిడ్నీలో తయారైన మూత్రమంతా వచ్చి చేరే గరాటు వంటి భాగాన్ని రీనల్ పెల్విస్ అంటారు. అందులో మూత్రం కొంత నిలిచి అది ఉబ్బడాన్నే వైద్యులు హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. బిడ్డ పొట్టను అడ్డంగా చూపే కోణంలో ఈ పెల్విస్‌ను ముందు నుంచి వెనుకకు కొలుస్తారు. గర్భం నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు 4 మిల్లీమీటర్లు, ఏడో నెల నుంచి 7 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఉబ్బినట్లు లెక్క.

అమెరికాలో 8 వైద్య సంఘాలు కలిసి 2014లో రూపొందించిన వర్గీకరణ ఈ శిశువులను రెండు భాగాలు చేసింది. 28 వారాలకు ముందు 4 నుంచి 7 మిల్లీమీటర్లలోపు, 28 వారాల తరువాత 7 నుంచి 10 మిల్లీమీటర్లలోపు ఉండి, మరే తేడా లేకపోతే ముప్పు తక్కువ. ఆ కొలతలు మించినా, కిడ్నీ కణజాలంలోనో మూత్రనాళంలోనో మూత్రాశయంలోనో తేడా కనిపించినా, కిడ్నీ అంచు వైపున్న చిన్న గదులు ఉబ్బినా, కారణం తెలియకుండా ఉమ్మనీరు తగ్గినా ముప్పు ఎక్కువ. మొదటి రకం వారికి 32 వారాలు దాటాక మరొకసారి స్కాన్ చాలు; రెండో రకం వారికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి స్కాన్ చేస్తూ, పిల్లల కిడ్నీ వైద్యులను ముందే సంప్రదించాలి.

ఈ కొలతలకు ఎంత విలువ ఉందో 2006లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వెలువడిన ఒక విశ్లేషణ తేటగా చూపింది. 17 అధ్యయనాలను కలిపి చూసిన ఆ విశ్లేషణ ప్రకారం, గర్భంలో నీరు కొద్దిగా చేరిన శిశువుల్లో పుట్టిన తరువాత ఏదో ఒక లోపం బయటపడింది సుమారు 12 శాతం మందిలోనే. మధ్యస్థంగా చేరినవారిలో అది 45 శాతం, తీవ్రంగా చేరినవారిలో 88 శాతం. అంటే ‘కొద్దిగా నీరు చేరింది’ అన్న మాట వినగానే గర్భం కొనసాగించాలా వద్దా అన్నంత దూరం ఆలోచించడానికి ఎలాంటి ఆధారమూ లేదు. ‘తీవ్రంగా చేరింది’ అన్నప్పుడు మాత్రం పుట్టాక చూద్దాంలే అని వదిలేయడం తగదు.

నీరు చేరడానికి కారణాలు పలు రకాలు. అధిక భాగం శిశువుల్లో అది ఎదుగుదలలో భాగంగా వచ్చిపోయే తాత్కాలిక స్థితి. మిగిలినవారిలో పెల్విస్, మూత్రనాళం కలిసే చోట దారి ఇరుకుగా ఉండడం ముఖ్య కారణం. మూత్రాశయం నుంచి మూత్రం పైకి, కిడ్నీ వైపు ఎగదన్నడం మరొకటి. దీన్ని రిఫ్లక్స్ అంటారు. మూత్రనాళం మూత్రాశయంలో కలిసే చోట ఇరుకు ఉండడం ఇంకొకటి. ఇరుకు వల్ల కిడ్నీ పనితీరు తగ్గుతున్నదని పుట్టిన తరువాత పరీక్షల్లో తేలితే, ఆ ఇరుకు భాగాన్ని తొలగించి నాళాన్ని తిరిగి కలిపే పైలోప్లాస్టీ అనే శస్త్రచికిత్సతో మంచి ఫలితాలు వస్తాయి.

జాగ్రత్త పడవలసిన లోపాలు

అరుదైనా అత్యంత ప్రమాదకరమైన అడ్డంకి మగశిశువుల మూత్రమార్గంలో పుట్టే పొరల వల్ల వస్తుంది. మూత్రాశయం నుంచి బయటికి వెళ్లే నాళంలో అడ్డుగా ఏర్పడే ఈ పొరలను పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్ అంటారు. సుమారు 5,000 నుంచి 8,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఇవి ఉంటాయి. మూత్రం బయటికి పోలేక మూత్రాశయం గోడ దళసరి అవుతుంది, రెండు మూత్రనాళాలూ రెండు కిడ్నీలూ ఉబ్బుతాయి, ఉమ్మనీరు తగ్గుతుంది. స్కానులో ఉబ్బిన మూత్రాశయం, దాని కింద ఉబ్బిన నాళం కలిసి తాళంకప్ప రంధ్రం ఆకారంలో కనిపిస్తాయి. గర్భస్థ శిశువు లింగాన్ని వెల్లడించడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి, బిడ్డ ఆడా మగా అని అడగకుండా, అడ్డంకి ఎక్కడ ఉంది, ఎంత తీవ్రంగా ఉంది అన్నవే తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.

ఒక కిడ్నీ స్థానంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని తిత్తులు మాత్రమే ఉండి, ఆ కిడ్నీ అసలు పనిచేయని స్థితి మరొకటి. సుమారు 4,000 జననాల్లో ఒకటికి ఇది కనిపిస్తుంది. బొమ్మ భయపెట్టేలా ఉన్నా, రెండో కిడ్నీ బాగుంటే బిడ్డ ఎదుగుదలకు ఆటంకం ఉండదు. చాలామందిలో తిత్తుల కిడ్నీ కాలక్రమంలో కుదించుకుపోతుంది, రెండో కిడ్నీ ఆ లోటు తీర్చడానికి పెద్దదవుతుంది. సుమారు 1,000 మందిలో ఒకరికి ఉండే ఒంటి కిడ్నీ విషయంలోనూ ఇంతే. ఈ పిల్లలు ఇతర పిల్లల మాదిరిగానే చదువుకుని ఆడుకుంటూ ఎదుగుతారు. ఉన్న ఒక్క కిడ్నీకి రిఫ్లక్స్ వంటి లోపం లేదని చూసుకోవడం, ఏటా రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్ పరీక్షించుకోవడం మాత్రం మానకూడదు.

రెండు కిడ్నీలూ మరీ పెద్దవిగా, తెల్లగా కనిపించి ఉమ్మనీరు తగ్గుతూ వస్తుంటే, జన్యు కారణంతో వచ్చే పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బును అనుమానిస్తారు. సుమారు 20,000 మందిలో ఒకరికి వచ్చే ఈ రకం జబ్బు తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే జన్యువులో మార్పు ఉన్నప్పుడే బిడ్డకు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. దగ్గరి రక్తసంబంధం ఉన్నవారిలో ఒకే రకం జన్యు మార్పు ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, మేనరికపు పెళ్లి చేసుకున్న దంపతులు ఆ విషయాన్ని తొలి పరీక్షలోనే వైద్యులకు చెప్పడం మంచిది.

అల్ట్రాసౌండ్ చాలనప్పుడు

ఉమ్మనీరు బాగా తగ్గినప్పుడు అల్ట్రాసౌండ్ బొమ్మ మసకబారుతుంది, ఎందుకంటే ఆ నీరే తరంగాలకు దారి ఇచ్చి అవయవాల అంచులను స్పష్టం చేస్తుంది. తల్లి స్థూలకాయురాలైనా ఇదే ఇబ్బంది వస్తుంది. అలాంటప్పుడు అయస్కాంత క్షేత్రం సాయంతో బొమ్మ తీసే ఎంఆర్ఐ ఉపయోగపడుతుంది. కొన్ని క్షణాల్లోనే బొమ్మ తీసే వేగవంతమైన పద్ధతుల వల్ల బిడ్డ కదలికలు పెద్దగా అడ్డురావు, రేడియేషన్ ఉండదు, రక్తంలోకి ఎక్కించే గాడోలినియం అనే రంగు మందును గర్భిణులకు వాడరు. కిడ్నీ ఉందా లేదా అన్న సందేహం తీర్చడానికీ, ఊపిరితిత్తుల పరిమాణాన్ని అంచనా వేయడానికీ ఎంఆర్ఐ తోడ్పడుతుంది. అయినా ఇది అందరికీ చేసే పరీక్ష కాదు; అనుభవజ్ఞులు చేసిన అల్ట్రాసౌండ్ తేల్చలేని ప్రశ్నకు మాత్రమే ఇది జవాబు వెతుకుతుంది. కిడ్నీతోపాటు గుండె, వెన్నెముక వంటి చోట్ల కూడా తేడాలు ఉంటే ఉమ్మనీరు తీసి క్రోమోజోముల, జన్యువుల పరీక్ష చేయించమని వైద్యులు సూచిస్తారు.

అడ్డంకి ఉన్న శిశువుకు గర్భంలోనే చికిత్స చేసే ప్రయత్నాలు నాలుగు దశాబ్దాల క్రితమే మొదలయ్యాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ హారిసన్ బృందం 1981లో, మూత్రమార్గం మూసుకుపోయిన గర్భస్థ శిశువుకు శస్త్రచికిత్స చేసింది. తరువాత, తల్లి పొట్ట మీదుగా సన్నని గొట్టాన్ని బిడ్డ మూత్రాశయంలోకి పంపి మూత్రాన్ని ఉమ్మనీటిలోకి మళ్లించే పద్ధతి వచ్చింది. దీని ప్రయోజనాన్ని తేల్చడానికి యూరప్‌లో నడిచిన ప్లూటో అనే అధ్యయనం 31 మంది గర్భిణులు మాత్రమే చేరడంతో మధ్యలోనే ఆగిపోయింది. 2013లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, గొట్టం వేస్తే బిడ్డ బతికే అవకాశం పెరగవచ్చు; కానీ రెండేళ్ల వయసుకు మామూలుగా పనిచేసే కిడ్నీలతో ఉన్నవారు ఇద్దరే. రెండు కిడ్నీలూ లేని శిశువుల కోసం గర్భసంచిలోకి పదేపదే ద్రవాన్ని ఎక్కించి ఊపిరితిత్తులను ఎదగనిచ్చే ప్రయోగం అమెరికాలో జరిగింది. 2023లో ప్రచురితమైన దాని ఫలితాల్లో, సజీవంగా పుట్టిన 17 మందిలో 14 మంది రెండు వారాలు దాటి డయాలసిస్ దశకు చేరుకున్నా, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లగలిగింది ఆరుగురే. గర్భంలో చేసే చికిత్స ఊపిరితిత్తులను కాపాడగలిగినా, దెబ్బతిన్న కిడ్నీని బాగుచేయలేదని ఈ రెండు అధ్యయనాల వల్ల తెలుస్తుంది.

రెండు కిడ్నీలూ లేవని నిర్ధారణ అయినప్పుడు, బిడ్డ బతికే అవకాశం లేదని తేలినప్పుడు దంపతులు తీసుకునే నిర్ణయం ఎంతో బాధాకరమైనది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం, తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాల తరువాత కూడా గర్భస్రావానికి అనుమతిస్తుంది. ఆ నిర్ణయానికి ముందు స్కాన్ చేసిన వైద్యులతోపాటు పిల్లల కిడ్నీ వైద్యుల అభిప్రాయం కూడా వినే హక్కు దంపతులకు ఉంది.

తల్లి తెలుసుకోవలసిన మందుల సంగతి

కొన్ని మందులు బిడ్డ కిడ్నీలను నేరుగా దెబ్బతీస్తాయి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ రకాల మందులను గర్భం నాలుగో నెల తరువాత వాడితే బిడ్డ కిడ్నీలు పనిచేయడం తగ్గి ఉమ్మనీరు ఇంకిపోతుంది. ఈ మందులు వాడుతున్న స్త్రీలు గర్భం దాల్చకముందే, లేదా గర్భం తెలిసిన వెంటనే, వైద్యుల సలహాతో మార్చుకోవాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను 20 వారాలు దాటాక వాడితే ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. వైద్యులు రాసి ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్‌కు ఈ హెచ్చరిక వర్తించదు. నడుం నొప్పికని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రల్లో తరచుగా ఇవే ఉంటాయి కాబట్టి గర్భిణులు చీటీ లేకుండా నొప్పి మాత్ర వేసుకోకూడదు. గర్భానికి ముందు నుంచే మధుమేహం ఉన్నవారిలో బిడ్డ కిడ్నీ లోపాలకు అవకాశం కొంత ఎక్కువ కనుక చక్కెరను ముందుగానే అదుపులోకి తెచ్చుకోవాలి.

పుట్టాక చేయవలసింది

గర్భంలో కిడ్నీ తేడా కనిపించిన శిశువుల్లో అధిక భాగం పుట్టినప్పుడు ఆరోగ్యంగా ఏడుస్తారు, పాలు తాగుతారు, మూత్రం పోస్తారు. బిడ్డను చూస్తే ఏ లోపమూ కనిపించదు. కాన్పు హడావిడిలో అయిదో నెల రిపోర్టు ఎక్కడో పెట్టెలో ఉండిపోతుంది. మూత్రం పోస్తున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు ధైర్యపడతారు. కానీ ఒక వైపు కిడ్నీ మూసుకుపోయినా రెండో వైపు నుంచి మూత్రం వస్తూనే ఉంటుంది; నాళంలో పొరలు అడ్డున్న బిడ్డ కూడా కొద్దికొద్దిగా మూత్రం పోస్తూనే ఉంటాడు. నెలలు గడిచాక జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఎదుగుదల లేకపోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రికి వచ్చేసరికి కిడ్నీకి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

దీన్ని నివారించే మార్గదర్శకాలు మన దేశంలోనే ఉన్నాయి. భారత పిల్లల కిడ్నీ వైద్యుల సంఘం 2013లో సవరించిన సూచనల ప్రకారం, గర్భంలో కిడ్నీలో నీరు చేరిన ప్రతి శిశువుకూ పుట్టిన తొలి వారంలోనే అల్ట్రాసౌండ్ చేయాలి. మొదటి రెండు రోజుల్లో శిశువు శరీరంలో నీరు తక్కువగా, మూత్రం తక్కువగా ఉంటుంది కనుక ఉబ్బు కనబడకుండా పోవచ్చు. అందుకే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య చేయడం మంచిది. పొరల అడ్డంకి అనుమానం ఉన్నా, రెండు వైపులా తీవ్రంగా ఉబ్బినా, ఉమ్మనీరు తగ్గినా అంతవరకు ఆగకుండా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేయాలి. తొలి స్కాన్ మామూలుగా వచ్చినా నాలుగు నుంచి ఆరు వారాల వయసులో మరొకసారి తప్పకుండా చేయాలి. ఆ రెండు స్కానుల ఫలితాన్ని బట్టి, మూత్రాశయంలోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే అవసరమా, ఒక్కో కిడ్నీ పనితీరును విడిగా కొలిచే ఐసోటోప్ స్కాన్ అవసరమా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు.

తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ప్రారంభించడంతో, ఒకప్పుడు వేల రూపాయలు పెడితే తప్ప దొరకని ఈ పరీక్ష పేద గర్భిణులకూ చేరువైంది. యంత్రం చూపిన తేడా పుట్టిన బిడ్డ ఆసుపత్రి కాగితాల్లోకి చేరినప్పుడే ఆ ఖర్చు సార్థకమవుతుంది. కాన్పు చేసే వైద్యులు, నర్సులు, గ్రామాల్లో ఆశా కార్యకర్తలు గర్భంలో తీసిన స్కాన్ రిపోర్టును తల్లీబిడ్డల కార్డుకు జతచేసి, బిడ్డకు చేయించవలసిన స్కాన్ తేదీని డిశ్చార్జి కాగితం మీద రాసి ఇవ్వాలి. రిపోర్టులో కిడ్నీ ప్రస్తావన ఉన్న ప్రతి కుటుంబం, బిడ్డ ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే, వారంలోపు ఒకసారి, నెల నుంచి నెలన్నర మధ్య మరొకసారి స్కాన్ చేయించి ఆ రిపోర్టులను పిల్లల వైద్యులకు చూపించాలి.